జారుముడి

బారువలో
తిత్లీ తుఫాను ఒగ్గేసిన రెండు సరుగుడు చెట్లు,
మధ్యన నా కొత్త ఉయ్యాల.

సన్నతాడు తీశాను.
"అదేటి బాబూ, కోసెత్తాది" అన్నాడు సూరాడ దానేసు,
అరచేయి చాపి.
బొటనవేలి నుంచి మణికట్టుదాకా
ఎప్పటిదో నైలాన్ గీత.
"సెట్టుక్కూడా తోలే గదా."

లారీ సరుకు కట్టే బెల్టు తెచ్చాడు, నాలుగు వేళ్ల వెడల్పు.
రెండు చుట్లు. తాడు మడిచి, దూర్చి,
కొస బయటికి ఉంచి
ఒళ్లు బరువంతా వేసి వేలాడాడు.
కిర్రుమంది. కదల్లేదు.

"బిగిసిందా అని కాదు,
సీకట్లో, తడిసేత్తో, బేగి ఊడొత్తాదా?
పడవకైనా అదే సూడాల."

రాత్రంతా నా వీపు కింద సముద్రం.

పొద్దున్న కొస లాగాను. ఒక్కటే లాగుడు.
మంచుకి తడిసిన బెరడు మీద
బెల్టంత మేర పొడి.
గీత లేదు.