తెలుపుకి కాపలా

ఏప్రిల్లో కాలవలు కట్టేసిన వారం
నరసాపురం స్టీమర్ రోడ్డులో మా ప్రెస్సుకి
తెల్లకాగితాన్ని తెల్లగా ఉంచడం చేతకాలేదు.

అక్షరాలు బానే దిగుతున్నాయి.
రొయ్య మీసాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.
వాటి మధ్య, ఏమీ ఉండకూడని చోట,
తుడిచిన పలక మీద మిగిలిపోయిన సుద్దలాగా
నీలం నీలంగా ఒక మసక.

ఫీడు కంపెనీ పాంప్లెట్టు, పాతిక వేలు.
పొద్దున్న ఆరింటి బస్సుకి కట్టలు ఎక్కాలి.

యోహాను గారు మెషీను ఆపలేదు, ముందు విన్నారు.
ఇంకు సరిపోయితే రోలర్లు
సన్నసెగ మీద పోపులా చిటచిటమంటాయి.
ఎక్కువైతే బురదలో గేదె కాళ్ళు లాక్కున్న చప్పుడు.
"పోపు బానే ఉందిరా. తప్పు ఇంకుది కాదు."

ఇంక రాత్రంతా వెతుకులాట.
కీలు రెండు గళ్ళు బిగించాం.
ప్లేటుకి గమ్ము రాసి తుడిచాం.
కిరసనాయిలు గుడ్డతో బ్లాంకెట్టు కడిగాను
గోళ్ళలో నీలం, ముక్కులో నీలం,
కేరేజీ మూత మీద నా బొటనవేలు నీలం.
మడతలేసే కనకమాలక్ష్మి
నీళ్ళ రోలరుకి కొత్త తొడుగు కుట్టింది,
తలగడ గలీబు కుట్టినంత శ్రద్ధగా.
వంద షీట్లు మల్లెపువ్వుల్లా వచ్చాయి.
నూటొకటోది మళ్ళీ మొహం మాడ్చుకుంది.

కాగితం తేమ పట్టిందని ఓనరు,
ఇంకు డూప్లికేటని నేను,
వోల్టేజీ అని పక్క జిరాక్సు కుర్రాడు.

మూడింటికి యోహాను గారు
తొట్టిలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు.
పులుసు రుచి చూసే మనిషిలా కళ్ళు మూసి,
"ఎక్కడివిరా ఈ నీళ్ళు?"

"బోరువండీ. కాలవ లేదుగా."

చాలాసేపు మాట్లాడలేదాయన.
నేను పనిలో చేరిన రోజు చెప్పిన సంగతే
మళ్ళీ చెప్పారు, మెషీనుతో అంటున్నట్టు.
"ఇంకుకి సిగ్గుండదు, చోటిస్తే కూచుంటాది.
లెగవయ్యా అనేది నీళ్ళొక్కటే.
తెలుపుకి కాపలా నీళ్ళేరా.
ఆ కాపలావోడు ఇప్పుడు
ఎవరిదో ఉప్పు తిన్నాడు."

ఎవరిదో మేం అడగలేదు.
డెలివరీ బల్ల మీద ఆరు వందల రొయ్యలు
మీసాలు దువ్వుకుని
మా వైపే చూస్తున్నాయి.

కనకమాలక్ష్మి సూదిలో దారం తెంపుతూ అంది:
"రెండేళ్ళయింది మా ఇంట్లో పప్పు ఉడికి.
పప్పుది తప్పనుకుని కొట్లు మార్చేను."

కొట్టతన్ని నిద్రలేపి
మంచినీళ్ళ టిన్నులు రెండు మోసుకొచ్చాను.
తొట్టి కడిగి, మందు కలిపి పోశాం.
వెంటనే ఏం కాలేదు.
నాలుగొందల షీట్లు పట్టింది
మసక అంచులకి జరిగి, జరిగి,
కాగితం దిగిపోవడానికి.

ఆరింటి బస్సు ఆరూ పదికి వచ్చింది, నయం.

టిన్నులో అడుగున మిగిలిన నీళ్ళు
కనకమాలక్ష్మి ఒంపుకుపోయింది,
పప్పులోకి.