నలభై ఏడో సెకను

రాయి కదలదు.
అయినా దానికో వీడియో కావాలంట.

చీమకుర్తి రోడ్డు మీద మా యార్డులో
నిలబెట్టిన నల్ల పలకల ముందు
ఫోను పట్టుకుని పక్కకి, పక్కకి నడుస్తాను
ఎండ్రకాయలా.
పలకకి రెండు నిమిషాలు.
నలుపులో బంగారు నలుసులు మెరవాలి,
నా ఊపిరి వినపడకూడదు.

రాత్రికి తెరుస్తాడు, ఎక్కడివాడో, కొనేవాడు.
వాడి ఊళ్ళో అప్పుడే తెల్లవారుతుంది.
నేను అన్నం వార్చుకునే వేళకి
ఎర్ర గీతలు మొదలవుతాయి.
పన్నెండో సెకను దగ్గర బాణం: ఇది చారా, పగులా?
ముప్పయ్యో సెకనులో డబ్బా: చుక్కలు ఇక్కడ పలచన.
నిమిషం దాటాక ఇంకోచోట
మాటల్లేవు, ఉత్త ప్రశ్న గుర్తు.

మా నాయన మాలకొండయ్య క్వారీలో మార్కరు.
బండ మీద బిందెడు నీళ్ళు గుమ్మరించి
బీడీ ముట్టించి కూర్చునేవాడు.
రాయంతా ఆరిపోయాక కూడా
వెంట్రుకంత తడి ఒకటి ఆరకుండా ఉంటే
అదీ పగులు.
దాని పక్కన ఎర్ర రంగుతో ఒక్క గీత.
ఆ గీతకి యజమాని కూడా ఎదురు చెప్పడు.
ఇప్పుడు మంచంలో దగ్గుకుంటూ
నా ఫోన్లోకి తొంగి చూసి అడుగుతాడు,
"తడపకుండా ఏం కనపడుద్దమ్మాయ్ వాళ్ళకి?"

మొన్న నలభై ఏడో సెకను దగ్గర
పెద్ద సున్నా చుట్టాడు కొనేవాడు.
"ఇక్కడ మరక. పలక మార్చండి."

టార్చి తీసుకుని యార్డుకి పోయాను.
నీళ్ళు పోశాను. ఆరేదాకా కూర్చున్నాను,
బీడీ ఒక్కటే తక్కువ.
ఏమీ లేదు. అద్దంలా ఉంది.
అప్పుడు తట్టింది.
అద్దంలా ఉంది!

వీడియో ఆపి, పెద్దది చేసి చూశాను.
మరకకి తలగుడ్డ ఉంది.
మోకాళ్ళ మీద రెండు చేతులున్నాయి.
పాలిషు పట్టే పెంచలయ్య
కెమెరాకి అడ్డం రాకూడదని
నా వెనకాల గొంతుక్కూర్చున్నాడు.

"అది మరక కాదు, మనిషి" అని రాశాను.
కొట్టేశాను.
"ప్రతిబింబం. రాయికి దోషం లేదు."
అటునుంచి ఒక పచ్చ టిక్కు పడింది.
సున్నా మాయమైంది.
"సరే. అది లేకుండా మళ్ళీ తీసి పంపండి."

పొద్దున్నే, మూసేసిన ఆ మాటని మళ్ళీ తెరిచి
పెంచలయ్యకి చూపించాను.
ఉదయగిరి కొండల మనిషి, పగలబడి నవ్వాడు.
"బళ్ళో అయ్యవారు చుట్టింది చాల్లేదా పాపా,
ఈయనా నాకు సున్నాయేనా?"
కాసేపాగి, "ఎంతసేపున్నాను అందులో?" అన్నాడు.
మూడు సెకన్లు.
"రెండు షిఫ్టులు పట్టానే ఈ పలకకి."

తన మొహం ఎక్కడుందో వెతుకుతూ
తెర మీద వేలు పెట్టాడు.
రాతిపిండి ఎండిన వేలు
వణుక్కుంటూ పైనుంచి కిందికి జారింది.
నేను లాక్కునేలోపే
ఫోను దాన్ని గీత అనుకుంది.
నా పేరు మీద, ఎర్రగా, అటు పంపేసింది.

కొనేవాడికి ఆ పూట నిద్ర పట్టలేదేమో,
వెంటనే అడిగాడు.
"ఇక్కడ మీరేదో గుర్తు పెట్టారు.
ఎంత చూసినా నాకేమీ కనపడటం లేదు.
ఏముంది?"

మళ్ళీ తీయాలి. పెంచలయ్యని పక్కకి పొమ్మనాలి.
కృష్ణపట్నం పోవాల్సిన లారీ
గేటు దగ్గర హారన్ మోగిస్తోంది.
జవాబు రాయాల్సిన చోట
వెంట్రుకంత నిలువు గీత ఒకటి
వెలుగుతుంది, ఆరుతుంది,
వెలుగుతుంది.
ఎంతసేపు కూర్చున్నా
ఆరిపోదు.