లాకు దిగువన

మార్చి మొదటి శనివారం, ఇంకా తెల్లారలేదు.
టెన్నెసీ నది ఎసరు పెట్టినట్టు పొగలు కక్కుతోంది,
చెయ్యి ముంచితే మాత్రం వేళ్ళు తెగిపోతున్నాయి.
ముప్ఫై ఎనిమిది పడవలు. మా అంకె ఇరవై ఏడు.

ఇంజిను దగ్గర థర్మన్.
అతను నాకేమవుతాడో చెప్పడం ఇప్పుడు కష్టం.
మొన్న ఆకులు రాలేదాకా బావమరిది.
కోర్టు కాగితాలొచ్చాక ఆ వరస చెల్లదు.
పడవ కాగితాల్లో ఇంకా ఇద్దరి పేర్లూ ఉన్నాయి,
దాన్ని రంపంతో కోసుకోలేం గనక
ఏడాదికి ఆరు శనివారాలు కలిసి కూర్చుంటాం.

జెండా ఊపారు.
గంటకు అరవై మైళ్ళ చలి
కంట్లో నీళ్ళని చెవుల్లోకి తోసింది.

లాకెక్కి ఎగువకు పోయాం.
ఇంత చల్లటి నీళ్ళలో బాస్ చేప దేన్నీ తరమదు.
రాతి చాటున, మందకొడి నీట్లో,
గుడ్లు నిండిన పొట్టతో
తిండే నోటి ముందుకొస్తే చూద్దాంలే అని పడుంటుంది.
జిగ్గుని రాయి మీంచి రాయి మీదికి
నిద్రపోతున్న పసిపిల్ల పక్కన నడిచినట్టు నడిపించాలి.
కర్ర ఉంగరాల్లో మంచు బిగిస్తే
నోట్లో పెట్టుకు కరిగించాలి.
పదింటికి రెండు. పన్నెండు లోపు ఇంకో రెండు.
థర్మన్ ఒకసారి "ఊఁ" అన్నాడు,
ఒకసారి "కాదు, దుంగ" అన్నాడు.
ఆ పూటకి మా సంభాషణ అంతే.

ఎగువ ఆనకట్టలో టర్బైన్లు తిప్పారు కాబోలు,
నీళ్ళకి ప్రాణమొచ్చింది.
నా దారం పక్కకి జరిగింది,
ఎవరో తలుపు చప్పుడవకుండా మూసినట్టు.
ఎత్తాను.
అడుగునుంచి ఒక బరువు, రానంది.

వల పట్టిన థర్మన్ చెయ్యి వణికింది. చలికేనన్నాడు.
ఆరు పౌన్లకు తగ్గదు. దవడ మీద పాత గాటు.
అయిదోది. ఇక చాలు, దిగువకి.

లాకు ముందు బొగ్గు బార్జీలు,
పదిహేను, ఒకదానికొకటి కట్టేసి,
దేనికీ తొందర లేకుండా.
మూడింటికి తూకం. ఆపైన నిమిషానికో పౌను కోత.

చివరికి పదకొండు పడవలం ఒకే గదిలోకి.
పాచిగోడల మధ్య తాళ్ళు పట్టుకు నిలబడితే
నీళ్ళు మమ్మల్నందరినీ కలిపి దించుతున్నాయి,
ఆకాశం నెత్తిన చిన్నదవుతోంది.
క్లోవిస్ ముసలాయన ఫ్లాస్కు మూత తీశాడు.
ఒకే కప్పు పడవ నుంచి పడవకి తిరిగింది.
"పెద్దదేమైనా పడిందా ఎవరికైనా?"
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు
నా కళ్ళు తొట్టి మూత మీదికే పోయాయి.
తలెత్తితే మరో ముగ్గురివీ అంతే.
గోడలు మా నవ్వుని కాసేపు ఉంచుకున్నాయి.

ఆ సందడి చాటున థర్మన్ అన్నాడు,
"డొరిండా అడిగింది నిన్ను."
"ఏమని?"
"మోకాలెలా ఉందని."
చెబుదామనుకునే లోపు
ఇనుప తలుపులు తెరుచుకున్నాయి,
పదకొండు ఇంజిన్లూ ఒక్కసారి అరిచాయి.

రెండు నిమిషాలు ఆలస్యం.
పందొమ్మిది చిల్లర కాస్తా పదిహేడు చిల్లరైంది.
ఆరో స్థానం. డబ్బులు అయిదో స్థానం దాకానే.

రేవులో, మోకాలి లోతు నీళ్ళలో
దాన్ని దవడ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాను.
మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.
దాని రాయి లాకుకి ఎగువన ఉంది.
ఈ నీళ్ళలో దానికి ఎవరూ తెలీదు.
వదిలాక కూడా నా అరచేతి మీదే
కాసేపు ఉండిపోయింది.
తర్వాత తోక ఒక్క విసురు, నా మొహం తడిపి,
ఎదురు నీట్లోకే పోయింది.

పడవ ట్రైలరెక్కించి పట్టీలు బిగించాం,
అతనటు, నేనిటు.
"నొప్పెడుతోందని చెప్పు," అన్నాను,
"వానొచ్చే ముందు మాత్రమే."
థర్మన్ తలెత్తి
పడమటి వైపు మబ్బుల్ని చాలాసేపు చూశాడు.