ముప్పై సెకన్లు

బంగారుపాళెం దారిలో
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
కనుచూపు మేర తోతాపురి ట్రాక్టర్లు.
పిల్లల్ని చూపించడానికి తీసుకొచ్చాను, చివరి సంవత్సరం వాళ్లని.

లోపల ల్యాబులో ఒక తెల్లకోటు లేచి నిలబడింది.
"సా, నేను హంసవేణిని. కిటికీ పక్క బెంచీ."
నాకు గుర్తు రాలేదు.
వచ్చినట్టు నవ్వాను.

ఆమె చేతిలో ఫ్లాస్కు తిరుగుతోంది,
పులుపు కొలుస్తోంది, చుక్క చుక్కగా.
పాత అలవాటు, ఊరుకోలేకపోయాను.
"సూచిక నిర్వచనం చెప్పమ్మా."

ఫ్లాస్కు ఆగలేదు. ఆమే ఆగింది.
"నాలుగు మార్కులది గదా సా?
అచ్చు మీరు చెప్పినట్టే రాసినాను.
హాల్లోంచి బయటికొచ్చి
పెన్నుకు మూత పెట్టేలోపల పోయింది."

నా నోట్సు గుర్తొచ్చింది.
అట్టకు టీ మరక, అంచులు ఊడిన కాగితాలు.
బెంచీల మధ్య నడుస్తూ చదివేవాణ్ని,
"కామా" అంటే కామా పెట్టేవాళ్లు,
ఏటా అదే పేజీలో అదే జోకు,
ఏటా ఎనభై మంది కొత్తగా నవ్వేవాళ్లు.
పాఠం పూర్తయిందని రిజిస్టర్లో సంతకం.
ఎవరిలో పూర్తయిందో ఆ గడి లేదు.

"మరి ఇదెట్లా వచ్చింది నీకు?"

"మీరు పేపర్లు దిద్దను తిరపతి పోయినారు చూడు సా, ఆ వారం.
అటెండరు మునిరత్నమన్న బ్యూరెట్టు నా చేతికిచ్చి
బీడీ తాగను పోయినాడు.
మూడు తూర్లు చిక్కటి రాణీరంగు, అంతా పారబోసినాను.
నాలుగో తూరి చెయ్యి దానంతటదే ఆగింది.
లేతగా, గులాబీ.
వచ్చిందన్నా అని అరిస్తే
గడపలోనించే అన్నాడు,
'వస్తే కాదు పాపా,
ముప్పై లెక్కపెట్టు.
అప్పటికీ ఉంటే, అప్పుడు వచ్చినట్టు.'"

మునిరత్నం రిటైరైన రోజు
శాలువా కప్పింది నేనే.
గాజుసామాను శుభ్రంగా కడిగేవాడని
పొగిడాననుకుంటా.

ఆమె ఫ్లాస్కును తెల్లకాగితం మీద పెట్టింది.
పెదవులు కదులుతున్నాయి.
పక్కన నిలబడి నేనూ లెక్కపెట్టాను.
పదిహేడు దగ్గర రంగు వెలిసిపోయింది.
"ఇంకో చుక్క," అంది, నాతో కాదు.

తిరుగు బస్సులో
వెనక సీటు నుంచి ఎవరో అడిగారు,
"సార్, రిపోర్టు మీరే డిక్టేట్ చేస్తారా?"
పేజీలు తిప్పిన చప్పుడు, పెన్నులు సిద్ధం.

నోరు తెరిచాను.
మొదటి వాక్యం వచ్చేసింది కూడా, నాలుక మీదికి,
కామాతో సహా.

మూశాను.
"ఏం చూశారు?" అన్నాను.

ఎవరూ పలకలేదు.
ఒకటి, రెండు, మూడు...
చెయ్యి దురద పెడుతోంది కుళాయి తిప్పెయ్యమని.
మురకంబట్టు వచ్చింది,
ఇరవై ఆరు, ఇరవై ఏడు,
కండక్టరు పక్కన కూర్చున్న పిల్లాడు
గొంతు సవరించుకున్నాడు.