ఏడో గడి

మొగల్రాజపురం కొండ పక్క సందు, మేడ మీద వాటా.
జనాభా లెక్కల కాగితాలు ఒళ్లో పెట్టుకుని
ఆరు గళ్లు గబగబా నింపేశాను.
పేరు హర్తాళ్.
ఊళ్లో కొట్లన్నీ మూసిన రోజున పుట్టాడట.
వాళ్ల నాన్న పంచాంగం చూడలేదు, వీధిలోకి చూశాడు.

ఏడో గడి, మతం.
"లేదు" అన్నాడు.
లేదుకి నంబరు లేదండీ,
'ఇతరములు' వేసెయ్యనా?
పెద్దాయన కళ్లజోడు తీశాడు.
"అమ్మాయ్, నేను బండే ఎక్కలేదు.
ఏ స్టేషన్లో దిగావని అడుగుతావేం?"

కాలికి నల్లతాడుంది నాకు.
కుచ్చెళ్లు కిందికి లాక్కున్నాను.
చూశాడు.
చూడనట్టే మంచినీళ్లిచ్చాడు.

వంటింట్లోంచి, పోపు వేస్తూనే, మాణిక్యాంబ గారు:
"రాసుకో తల్లీ, మతమే!
యాభై రెండేళ్ల కాపురంలో
ఒక్క గ్రహణం తప్పితే ఒట్టు.
పులిహోర కలిపి వీధిలో బల్లలేయించడం,
కడుపుతో ఉన్నవాళ్లకి ముందు వడ్డన,
పట్టు దగ్గర్నుంచి విడుపు దాకా తినాల్సిందే.
మొన్న మనవరాలు ఆకల్లేదందని
రెండ్రోజులు దాంతో మాట మానేశాడీయన!"

ఆయన నవ్వలేదు.
కళ్లజోడు పంచెకి తుడిచాడు, మళ్లీ తుడిచాడు.
"మొదటిసారి... ఎదురింట్లో నిండు చూలాలు,
తలుపులేసిన గదిలో
పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు లేకుండా పడుంది.
విస్తరి తీసుకెళ్లి గుమ్మంలో పెట్టాను. అంతే.
తర్వాత్తర్వాత అలవాటైంది.
అలవాటుకి మీ కాగితంలో ఏం పేరుందో మరి."

పోపు మాడిన వాసన.

సాయంత్రం ఆటోలో బ్యారేజీ మీదుగా సీతానగరం.
గేట్లన్నీ దించేసి ఉన్నాయి, కింద చుక్క లేదు.
ఇసుక మీద చీరలు ఆరేశారు,
కుర్రాళ్లు వికెట్లు పాతారు,
ఎవరో గేదెని తోలుకుంటూ అడ్డంగా నడిచిపోతున్నాడు
పడవవాణ్ణి అడక్కుండా.
నా పక్కన ముసలమ్మ
కొంగుముడి విప్పి రూపాయి విసిరింది,
"కృష్ణమ్మ తల్లీ" అని కళ్లు మూసుకుంది.
అది మునగలేదు.
ఇసుకలో పడి కాసేపు మెరిసింది.

నీళ్లు లేకపోయినా కృష్ణే అంటాం.
ఆ గేదె మనిషి మాత్రం నడిచింది నేల మీదే.

గడి ఖాళీగా ఉంది.
పెన్సిలుతో 'లేదు' అని రాశాను, చిన్నగా.
సూపర్వైజరు చెరిపేస్తాడు, తెలుసు.

ఇంటికెళ్లి క్యాలెండరు చూడాలి,
వచ్చే గ్రహణం ఎప్పుడో.
నాకిప్పుడు మూడో నెల.
తలుపులేసుకోడానికో, ఆ బల్ల దగ్గరికి పోడానికో
ఇంకా తెలీదు.
పులిహోర మీద మాత్రం
ఒకటే మనసుగా ఉంది.