కాపురాల గుట్ట కింద

పేరుకే కాపురాల గుట్ట.
దాని కింద మూడు వారాల సంది
ఒక్క కాపురానికి జాగ దొరుకుతలేదు.

టులెట్ బోర్డుల మీది నంబర్లన్నీ
జాకెట్ కొలతల పుస్తకంల రాసుకున్న.
చేతి పొడవు తొమ్మిదిన్నర, నడుము ముప్పై నాలుగు,
రామగిరి, ఒకటే రూము, నాలుగు వేలు.
ఏది ఎవరి కొలతో
ఇప్పుడు నాకే తెలుస్తలేదు.

బొట్టుగూడల గేటు తియ్యకముందే
"మీరేమోళ్ళమ్మా?" అన్నడు.
బట్టలు కుడ్త సార్, అన్న.
అది కాదన్నడు.
అది కాదని నాకూ ఎరుకే.
ఊరు చెప్పిన. ఇంటిపేరు చెప్పిన.
గేటుకంటె ముందు ఆయన మొఖం మూసుకుంది.
"నిన్ననే ఎవలో అడ్వాన్స్ ఇచ్చిపోయిన్రు."
బోర్డు ఇయ్యాల్టికీ
గాలికి ఊగుకుంట అక్కడనే ఉంది.

దేవరకొండ రోడ్డుల మేడ మీది గది మంచిగుండె.
కిటికీల నుంచి బత్తాయి లారీలు కనబడ్తయి.
"మిషన్ కుడ్తవా? మా పిలగాడు నీట్ చదువుతుండు."
పగలే కుడ్త అక్కా.
"నీళ్ళు దినానికి ఆరు బిందెలు."
సరే.
"సుట్టాలూ పక్కాలూ రావొద్దు."
మాకెవరొస్తరు లే.
"గోడలకు సీలలు కొట్టొద్దు."
సరే, సరే అనుకుంటనే
మిషన్ ఏ మూలకు పెట్టాల్నో చూసుకున్న,
వెలుతురు ఎడమ చెయ్యి దిక్కు పడేటట్టు.

అంతల జంగయ్య మెట్లెక్కి వచ్చిండు.
పన్నెండు మెట్లకు మూడు సార్లు ఆగిండు.
ఆమె చూపు ఆయన మొఖం మీద లేదు,
మోచెయ్యి కింద తాడు లెక్క ఉబ్బిన నరం మీద,
దాని మీది తెల్లపట్టీ మీద ఉంది.
వారానికి మూడు సార్లు డయాలసిస్ అక్కా,
దవాఖానకు దగ్గరుంటదనే ఊరిడిసి వచ్చినం.

ఆమె చెడ్డది కాదు.
ఫ్యాను ఏసింది, చాయ్ పోసింది.
నా చెయ్యి పట్టుకోని గొంతు తగ్గిచ్చింది.
"ఏమనుకోకు చెల్లే,
జరగరానిది జరిగితే
మా గడప లోపటికి మాత్రం...
మా అత్తమ్మ ఒప్పుకోదు."

జంగయ్యకు నీళ్ళూ చాయా లెక్క మీద తాగాలె.
ఆయన కప్పు గూడ నేనే తాగి లేసిన.
దిగేటప్పుడు అడిగిండు:
"కిరాయి ఎంత చెప్పింది?"
చాన చెప్పింది, అన్న.

ఆ రాత్రి మా చిన్నమ్మ వరండాల నిద్ర పట్టలే.
కరెంటుకు మీటరుంది,
నీళ్ళకు బిందెల లెక్కుంది.
సచ్చినోడు ఒక్క పూట పండుకునే జాగకు
ఎంతనో ఏ బోర్డు మీద రాసి లేదు.
వాడ మొగల రోడ్డు పక్కపొంటి
టెంటు కింద పండబెట్టిన మనుషులను చూసిన.
ఇన్నేండ్లూ ఎండకనుకున్న ఆ టెంటు.

పానగల్లు దిక్కు పదకొండో ఇల్లు.
రేకుల గది. ఇంటామె పేరు ఈదమ్మ.
కాళ్ళు విల్లు లెక్క వంగిపోయినయి.
చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట
"మూడు వేల రెండొందలు, రూపాయి తగ్గది.
నల్లా దినం తప్పిచ్చి దినం.
బోరు నీళ్ళు తాగకుర్రి,
నన్ను చూస్తున్నరు గద" అన్నది.
ఏమోళ్ళని అడగలే. అడుగుతదేమో అని నిలబడ్డ.

ఇగ నేనే ముందు చెప్పిన.
అవ్వా, ఈయనకు పానం బాగలేదు,
రేపటి దినం ఏమన్నయితే...

ఆమె తలెత్తలే.
"గల్మ ఎడల్పు చూసుకో.
మంచం అడ్డంగ కాదు, నిలువున పడ్తది" అన్నది.

అడ్వాన్స్ లెక్కవెట్టి ఇచ్చిన.
నోట్లు రెండు సార్లు చూసి తీసుకుంది,
ఒక చినిగిన యాబై వాపస్ ఇచ్చింది.

లోపల గోడలకు పాత సీలలు.
ఎవలెవలు కొట్టిపోయిన్రో, ఏడున్నయి.
నడిమి దానికి దవాఖాన ఫైలు సంచి తగిలిచ్చిన.
చాప మీద పండుకోని జంగయ్య
"ఏడు గాదు, ఎనిమిది.
తలుపెనుక ఒకటుంది" అన్నడు.

మిషన్ ఆటోల ఇంక రాలే.
వెలుతురు మాత్రం ఈ గదిల
కుడి దిక్కు నుంచి వస్తది.
చెయ్యి నీడ గుడ్డ మీద పడ్తది.
అలవాటు చేసుకోవాలె.