సాక్సులు, డెబ్బై ఎనిమిది కిలోలు

మా ల్యాబు తలుపు ఒక గుర్రమంత బరువు.
మూసేముందు ఊపిరి వదిలేయాలి,
లేకపోతే మైకు దాన్నీ రాసుకుంటుంది.

టాలిన్‌లో ఫిబ్రవరి. బయట ట్రాముల నెత్తిన మంచు,
లోపల ఒకదాని మీద ఒకటి రెండు గదులు,
నడుమ పద్నాలుగు సెంటీమీటర్ల కాంక్రీటు పలక.
లాస్నమాయె పేటలో వేల కాపురాలను
అంతస్తులుగా పేర్చిన పలకకు
ఇది కవల తోబుట్టువు.

పై గదిలో ఓ యంత్రం ఉంది.
అయిదు ఉక్కు సుత్తులు, సెకనుకు పది దెబ్బలు,
వడ్రంగిపిట్టకు జీతమిచ్చి పెట్టుకున్నట్టు.
ప్రమాణమంటే అదే, ఏ దేశంలోనైనా అదే దెబ్బ.
"సుత్తులు ఎవరింట్లోనూ కాపురం చెయ్యవు,
మనిషిని నడిపించండి" అంటుంది ప్రొఫెసర్ ఉర్వె.

ఆ మనిషి ఎండెల్.
బల్బులు మార్చేవాడు,
తలుపు రబ్బరుకు వాసెలిన్ రాసేవాడు,
అడిగినప్పుడు బూట్లు విప్పి నడిచేవాడు.
అటు ఏడడుగులు. తిరగడం. ఇటు ఏడడుగులు.
లెక్క చెడకూడదని ఒకే రకం సాక్సులు డజను జతలు కొన్నాం.
మూడు జతలు ఇంకా సొరుగులో ఉన్నాయి,
కాగితపు పట్టీ కూడా విప్పకుండా.

పేపర్లలో అతనికి పేరు లేదు.
నడిచినవారు: మగ, డెబ్బై ఎనిమిది కిలోలు, సాక్సులు.
పదకొండేళ్లు, పంతొమ్మిది రకాల నేలలు,
కార్క్, లినోలియం, ఉన్ని పొర మీద చెక్క.
అన్నిటి మీదా అతనే.

పోయిన అక్టోబరులో ఎండెల్ పోయాడు.
శ్మశానంలో నేల మెత్తగా ఉంది,
ఎవరి అడుగూ వినబడలేదు.
సోమవారం మళ్లీ పరీక్షలు మొదలుపెట్టాం.

కింది గదిలో సోఫా, దీపం, అల్లికల పత్రికలు,
ఇల్లే అని నమ్మించడానికి ఎండిన జెరేనియం.
వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి
పైనుంచి ఎండెల్‌ని వినిపిస్తాం.
ఇది మీ పై వాటా మనిషి నడక.
చిరాకు ఎంత? సున్నా నుంచి పది.
విద్యార్థులు ఆరంటారు.
చంటిపిల్ల తల్లి తొమ్మిది వేసింది, ఆలోచించకుండా.
ఒక ముసలి నావికుడు ఎనిమిది వేసి
పైకప్పును పొడవడానికి చేతికర్ర ఎత్తాడు.

ముప్పై ఒకటో మనిషి సల్మె, ట్రాము నడుపుతుంది.
అయిదు, అయిదు, నాలుగు, అయిదు.
ఆఖరి నడకకు సున్నా.
డెసిబెల్స్‌లో అన్నిటికన్నా పెద్దది అదే.
బటన్ పొరపాటున నొక్కారా, అడిగాను.
"లేదమ్మా. ఇతనికి ఎడమ మోకాలు బాగోలేదు.
తిరిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు.
అలాంటివాడి మీద చిరాకేంటి?"

ఆ రాత్రి ఫైళ్లన్నీ తెరిచాను.
మేం ఎప్పుడూ దెబ్బల్నే కొలిచాం,
దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్నదాన్ని
కత్తిరించి పారేశాం.
ఈసారి ఆ మధ్యనే కొలిచాను.
మొదటి ఏడాది, తిరగడానికి అర సెకను.
అయిదో ఏడాది, సెకను పైన.
కార్క్ మీదా అంతే, చెక్క మీదా అంతే.
తప్పు నేలది కాదు.
ఆఖరి ఏడాది మూడు సెకన్లు,
అందులో ఒక చిన్న రాపిడి,
గోడ సున్నం మీద అరచెయ్యి.
ఆ రోజు పై గదిలో ఉన్నది నేనే,
మాట రికార్డవుతుందని
"మరోసారి" అని వేలితో సైగ చేస్తూ.

ఉర్వెకు వినిపించాను. రెండుసార్లు వింది.
"మనం పరీక్షించేది నేలని" అంది.
కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని
"డబ్బిచ్చిందీ నేల కోసమే" అంది.
తలుపు దాకా వెళ్లాక ఆగి,
"ఆ సున్నాని మాత్రం తీసేయకు."

తీయలేదు. సగటు కాస్త కిందికి జారింది.
పేపరు చదివిన సమీక్షకుడు రాశాడు,
ముప్పై ఒకటో వ్యక్తి ఎందుకిలా?
జవాబు రాయాల్సిన చోట కర్సరు కొట్టుకుంటోంది.
పక్క తెర మీద ఎండెల్
ఏడో అడుగు వేసి
ఇంకా తిరుగుతున్నాడు.